పోలీస్ స్టేషన్‌లో పచ్చ చుక్క

పిచ్చుకా,

ముందు ముద్దులు. దీవెనల మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు, అందుకే అవి పంపడం లేదు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమే అనుకుంటాను. అలా రాయడం ఆనవాయితీ గనక రాశాను. అందులో రెండో సగం నిజమైతే నాకు చాలు. మొదటి సగం ఏపాటి నిజమో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ఫోన్ చెయ్యకుండా ఈ కాగితాల కట్ట ఏమిటని నవ్వుకోకు. నా ఫోన్ నా దగ్గర లేదు. ఎక్కడుందో చెప్తాను, తొందరపడకు. అయినా ఫోన్లో అయితే మధ్యలో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, అసలు సంగతి ఎటూ కాకుండా పోతుంది. కాగితం మీదైతే నా అరుపు నేను తీరిగ్గా అరవచ్చు.

నువ్వు అడిగినవాటిలో చిన్నవి ముందు. హాస్టల్ గోడ చెమ్మెక్కిందన్నావు. మంచం గోడకి దూరంగా జరుపు, కిటికీ తెరిచి పడుకో, దోమలొస్తే తెర కట్టుకో. గాలికి భయపడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమండుతుంది. నీ పాత చెప్పులు కుట్టించాను, ఎవరైనా వస్తుంటే పంపుతాను. మామయ్య ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. సరుకు మీద బయటూరు వెళ్లాడని పోయినసారి రాశాను. అది అబద్ధం.

ఇక పెద్దది. పత్తి జిన్నింగు మిల్లులో ఎవరో హమాలీని మీ యాప్ ఈల మోగినందుకు కొట్టారని పేపర్లో చూశానన్నావు. నిజమే. ఆ కిందనే నువ్వొక వాక్యం రాశావు. "జనం అజ్ఞానం వల్ల ఇలా జరిగింది, అవగాహన లేనిచోట మేం తొందరపడ్డాం" అని. ఆ వాక్యం చదివి నీ ఉత్తరాన్ని ఉండచుట్టి గోడకేసి కొట్టాను. తర్వాత తీసి సాపు చేసుకున్నాననుకో, నీ చేతిరాత కదా.

అజ్ఞానం అన్నమాట చదువుకున్నవాళ్లు చేతులు కడుక్కునే సబ్బు, పిచ్చుకా. మిల్లు యజమానీ అదే మాటన్నాడు. మీ ప్రిన్సిపాలూ అదే అన్నాడని రాశావు. మీ ముగ్గురికీ ఒకే మాట నచ్చిందంటే, ఎక్కడో ఏదో కుళ్లిందని నీకు అనుమానం రావద్దూ?

మీరు చేసింది మంచిపని. నేనే ఊరంతా చెప్పుకుని తిరిగాను. టీబీ మందు నెలల తరబడి వేసుకోవాలి. దగ్గు తగ్గగానే మనిషి మానేస్తాడు. మానేస్తే జబ్బు మొండికెత్తి తిరిగొస్తుంది. అందుకని మీ జట్టంతా కలిసి ఫోన్లకి యాప్ చేసి, అందులో ఈల పెట్టారు. పొద్దున పరగడుపున మోగుతుంది. మాత్ర వేసుకుని "మింగాను" అన్న బొత్తాం నొక్కేదాకా ఆగి ఆగి మోగుతూనే ఉంటుంది. నొక్కితే, ఆ మనిషి ఎక్కడుంటే అక్కడ, మీ పటం మీద చుక్క పచ్చబడుతుంది. నొక్కకపోతే బూడిదరంగు. అప్పుడు ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వెళ్లి తలుపు తడుతుంది. పేర్లు లేవు, నంబర్లే. ఎవరికి జబ్బో ఎవరికీ తెలియకూడదని తాళం మీద తాళం వేశారు. వేసి, ఆ తలుపుకే గంట కట్టారు.

అందరికీ ఒకే ఈల. అందరికీ ఒకే వేళ. ఆ ఈలైనా బజారులో దొరికేది కాదు, నీది. ఆడపిల్లకి ఈలేమిటి అన్న ప్రతి నోటితోనూ పోట్లాడి నేను వెయ్యనిచ్చిన ఈల. చివర్లో పైకి లేచి తెగిపోయినట్టు ఆగుతుందే, అది లోకంలో ఇంకెవరికీ రాదు. హాస్టల్ గదిలో కూర్చుని "వినగానే హుషారొచ్చేలా ఉండాలి" అనుకున్నారు మీరంతా. ఒక్కరికీ తట్టలేదు, ఆ హుషారు వీధి వీధంతా వింటుందని. నాకూ తట్టలేదు. నా కూతురి ఈల ఇంటింటా మోగుతోందని మురిసిపోతూ కూర్చున్నాను.

నెల తిరక్కుండానే ఈల అంటే ఏమిటో పిల్లాడికి కూడా తెలిసిపోయింది. కుళాయి దగ్గర ఒకావిడ కొంగుముడిలో మోగితే బిందె లాక్కుని రోడ్డుకేసి కొట్టారు. మంగలి సగం గడ్డం గీసి, ఆ ముఖంతోనే మనిషిని బయటికి నెట్టాడు. అద్దె ఇంటివాళ్ల సామాను వానలో పడింది. అప్పుడు కూడా నేను నీలాగే అనుకున్నాను, కరపత్రం వేస్తే సరిపోతుందని. వేశాను. కాటా గదిలో కూర్చుని మిల్లు బేళ్ల బరువు రాసుకునే చేత్తోనే జబ్బు గురించి నాలుగు పేజీలు దంచాను. చదివారు. అందరూ చదివారు. అంతా తెలిశాకే కొట్టారు.

ఎందుకంటే మధ్యలో తాళాల మేస్త్రీ దిగాడు. నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకుని, మనిషి కంటే ముందు చప్పుడొచ్చే ఆ సూపర్వైజరు. ఈల వేళా మిల్లు గేటు తెరిచే వేళా ఒకటేనని అందరికంటే ముందు కనిపెట్టింది వాడే. వరసలో నిలబెట్టి అరిచేవాడు, "ఫోన్లు పైకెత్తండి! సౌండు పెంచండి! ఎవడి పిట్ట కూస్తుందో చూద్దాం." కూసినవాడు ఇంటికి. జబ్బుమనిషికి విశ్రాంతి ఇస్తున్నామని యజమాని వివరణ. షెడ్డులో గాలిపంకాలు తిరగవు, దూది నుసి పీల్చి పీల్చి అందరి రొమ్ములూ గుల్ల. ఊపిరితిత్తులు తినేది మిల్లు, గెంటేసేది మనిషిని. ఎద్దు పుండు కాకికి ముద్దా?

జనం ఫోన్లు ఆపేసి రావడం మొదలుపెట్టారు. మీ పటం మీద చుక్కలు ఒక్కొక్కటే ఎందుకు బూడిదరంగయ్యాయని అడిగావే, ఇందుకే. అప్పుడు మేస్త్రీ కొత్త రూలు తెచ్చాడు. గేటు లోపల ఈల మోగితే శుభ్రం చెయ్యాలని ఆ రోజుకి షెడ్డు మొత్తం బంద్, ఎవరికీ కూలి లేదు. చూశావా తెలివి? ఇక రోగిని పట్టుకునే పని మేస్త్రీది కాదు, పక్కవాడిది. రెక్కాడితేగాని డొక్కాడని మనిషి చేతికి కర్ర ఇచ్చి, ఎవణ్ణి కొట్టాలో మాత్రం వాడు చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండా చేశాడు.

ఆ రోజు లారీ పెందలాడే వచ్చిందని గేటు ముందుగా తెరిచారు, పత్తి బస్తాలు దించుతున్నారు. నేను కాటా దగ్గర ఉన్నాను. మీ మామయ్య భుజం మీద బస్తా, చేతిలో కొక్కెం. గేటు దగ్గర ఎవరి ఫోనూ కూయలేదు, అందరూ లోపలికొచ్చేశారు. అప్పుడు మోగింది నీ ఈల, మిల్లు ఆవరణ నడిమధ్య, గట్టిగా, నువ్వే వచ్చి నిలబడ్డట్టు.

ఆ ఫోన్ ఎవరిదో చివర్లో చెప్తాను. మీ మామయ్య బస్తా కింద పడేసి, ఒక్క అంగలో వచ్చి, దాన్ని లాక్కుని పైకెత్తి, "నాదే" అన్నాడు.

మేస్త్రీ ఎగాదిగా చూశాడు. "నీదా? ఆంబోతులా ఉన్నావు, నీకు టీబీ ఏంట్రా?"

"ఆంబోతుకి రాదని ఎక్కడన్నా రాసుందా మేస్త్రీ?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మేస్త్రీ తాళాల గుత్తి వేలికి తగిలించి తిప్పుతూ, "షెడ్డు మూసెయ్యండి. ఇవాళ ఎవరికీ పని లేదు. ఎవడి పుణ్యమో వాణ్ణే అడుక్కోండి" అని పక్కకి జరిగాడు.

పిచ్చుకా, ఇక్కడ నిన్ను కాపాడుతూ రాయను. కన్నతల్లి అలా రాయకూడదేమో, కానీ నువ్వు చూడాలి. ముట్టుకుంటే అంటుకుంటుందని ముందు కర్రలతో కొట్టారు. బేళ్లకి బిగించే ఇనప పట్టీతో ఒకడు ముఖం మీద కొట్టాడు, చెవి చీరుకుపోయి వేలాడింది. పడ్డాక కాళ్లతో. డొక్కలో, వీపు మీద, మళ్లీ డొక్కలో. దగ్గాడు. డొక్క విరిగిన ఎవడైనా దగ్గుతాడు. దగ్గు తమ మీద పడుతుందని ఎవడో గుప్పెడు పచ్చి దూది తెచ్చి నోట్లో కుక్కాడు. ఇంకొకడు ఇంకో గుప్పెడు. తెల్లదూది చూస్తుండగానే ఎర్రగా నానింది. ముక్కుతో ఊపిరి అందక కళ్లు తేలేశాడు. మీ మామయ్యే, నిన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని బడికి మోసిన మనిషి. చేతిలోంచి జారి దూదిగుట్టలో పడ్డ ఫోన్ ఆ గుట్ట లోపలినుంచి ఆగి ఆగి ఈల వేస్తూనే ఉంది. ఎవరూ బొత్తాం నొక్కలేదు కదా.

నేను అరిచాను. ఏమని అరిచానో కూడా చివర్లోనే చెప్తాను. నా గొంతు నీకు తెలుసు, మైకు లేకుండా మైదానం నింపుతుందంటారు. విన్నారు. విని కూడా ఆగలేదు.

కొక్కెం నా కాళ్ల దగ్గర పడుంది. తీసుకున్నాను. కొట్టేవాళ్ల జోలికి పోలేదు, తాళాలు తిప్పుకుంటున్న వాడి దగ్గరికి నడిచాను. కొక్కేన్ని వెనక్కి తిప్పి, మొద్దువైపుతో కొట్టానని కోర్టులో చెప్పమంటున్నాడు లాయరు. ఏ వైపు ఉందో నేను చూసుకుంటేగా? భుజం దగ్గర దిగింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. తాళాల గుత్తి నేలమీద పడ్డ చప్పుడూ విన్నాను. ఇంకొకటి కూడా రాస్తాను, నువ్వేమన్నా అనుకో. సంతోషం వేసింది. దుడ్డుకర్రకి దుడ్డుకర్ర జవాబు కాదని ఇరవయ్యేళ్లు సభల్లో చెప్పిన ఈ నోట్లో ఆ క్షణాన నీళ్లూరాయి. రెండో దెబ్బకి చెయ్యెత్తాను. నోటినిండా దూదితో మీ మామయ్య "ఊఁ... ఊఁ..." అని తల అడ్డంగా ఊపాడు. అది చూసి ఆగాను. మేస్త్రీ అరుపుకి మిగతావాళ్లు కూడా ఆగిపోయారు. యజమాని తరఫువాడి రక్తం కనిపిస్తే తప్ప ఆగని చేతులు!

మామయ్య బతికాడు. డొక్క ఎముకలు అతుక్కుంటున్నాయి. చెవి కుట్టారు. ఎడమకన్ను చూపు వస్తుందో రాదో డాక్టరు చెప్పడం లేదు. ముందు పళ్లు పోయాయి. మొన్న నీ ఈల వెయ్యబోయాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. "మేనకోడలి పాట బాగుందే అక్కా, డ్యాన్సే కాస్త మోటుగా ఉంది" అన్నాడు. నవ్వితే డొక్క నొప్పి, నవ్వకుండా ఉండలేడు. ఇంకో సంగతి, కళ్లె పరీక్ష చేశారు. వాడికి టీబీ లేదు.

ఇక నీ అజ్ఞానం సంగతికొస్తాను. నీకు చిన్నప్పుడు జడలు వేసిన పక్కింటి అత్త గుర్తుందిగా. కింద పడ్డ మీ మామయ్యని తన్నినవాళ్లలో ఆవిడ ఉంది. నేను కళ్లారా చూశాను. వారం పోనిచ్చి ఆస్పత్రికొచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడింది.

"వదినా, నేనూ తన్నాను."

"చూశాను."

"తన్నకపోతే నా వంక చూస్తారనిపించింది. మీ అన్నయ్య ఫోను బియ్యం డబ్బాలో దాచాను వదినా. మాత్రలు మానేశాడు. నిన్న నెత్తురు కక్కాడు."

నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి మీ మామయ్య అన్నాడు, "కుడిపక్క తన్నింది నువ్వేనా వదినా? అనుకున్నాలే. మిగతావాళ్లు ఏదో తన్నాలి గనక తన్నారు, నువ్వు మనస్ఫూర్తిగా తన్నావు."

ఆవిడ నేలమీద కూలబడి ఏడ్చింది. వాడు క్షమించినట్టున్నాడు. వాడి డొక్క, వాడిష్టం. నేను క్షమించలేదు. కానీ మర్నాడే నర్సమ్మని వెంటబెట్టుకుని వాళ్లింటికెళ్లి, బియ్యం డబ్బాలోంచి ఆ ఫోన్ తీయించి, ఎదురుగా కూర్చుని అన్నయ్య చేత మాత్ర మింగించి వచ్చాను. క్షమించకుండా కూడా చెయ్యగల పనులున్నాయి.

ఇప్పుడు చెప్పు, ఆవిడది అజ్ఞానమా? మాత్ర రంగు, వేళ, మానేస్తే ఏమవుతుందో నాకంటే నీకంటే ఆవిడకే బాగా తెలుసు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకుండా ఉండాలంటే పక్కవాడి భుజం విరగ్గొట్టాలి. అది భయం. విత్తనం వేసినవాడు, నీళ్లు పోసినవాడు వేరే ఉన్నారు. నీ ఈల తప్పే, కాదనను. కానీ ఈల ఎప్పుడూ ఎవరి డొక్కా విరగ్గొట్టలేదు.

ఆఖరి ముక్క. పరువు పోతోందని ప్రిన్సిపాలు ఒత్తిడి పెడుతున్నాడు, ఈ నెలాఖరుకి యాప్ మూసేద్దామని మా జట్టంతా నిర్ణయించుకున్నాం అన్నావు. "పటమంతా బూడిదే అమ్మా, ఒక్క చుక్క మాత్రం ప్రతి పొద్దునా పోలీస్ స్టేషన్‌లో పచ్చబడుతోంది. అదేంటో అర్థం కావడం లేదు. పోలీసుల్లో ఎవరికైనా జబ్బా?" అని అడిగావు.

ఆ చుక్క నేనే, పిచ్చుకా.

దూది నుసి దగ్గనుకున్నాను చాలాకాలం. పరీక్షల్లో ఉన్నావని నీకు చెప్పలేదు. నర్సమ్మ పేర్లు రాసుకునేటప్పుడు నీకు తెలియకూడదని ఒట్టు పెట్టించుకుని మరీ నంబరు తీసుకున్నాను. ఆ రోజు మోగింది నా ఫోన్. రోజూ ఇంట్లోనే మింగి, నొక్కి మిల్లుకొచ్చేదాన్ని, ఆ రోజు గేటు ముందే తెరవడంతో కుదరలేదు. కాటా గదిలోకి ఏ వరసా లేకుండా వెళ్లేదాన్ని గనక నన్నెవరూ చెయ్యెత్తమనలేదు. అందరూ ఫోన్లు గుడ్డల్లో చుట్టుకుంటుంటే నేను సౌండు పూర్తిగా పెట్టుకున్నాను. తెగువ కాదు, పాడూ కాదు. పొద్దున్నే నీ ఈల వినాలనిపించేది, అంతే. తమ్ముడికి సంగతి తెలుసు. అందుకే లాక్కున్నాడు. నేను అరిచింది ఏమనో తెలుసా? "అది నా ఫోన్! జబ్బు నాకు! వాడికి కాదు!" అని. విన్నారు. వాళ్లు కొడుతున్నది రోగినైతే ఆగి, నా మీదికి రావాలిగా? రాలేదు.

గొడవకి మూలం ఫోనేనని పోలీసులు దాన్ని పట్టుకుపోయారు, కొక్కెంతోపాటు నన్నూ. లోపల ఏముందో చూడాలని చార్జింగు పెట్టి బల్ల మీద ఉంచారు. మర్నాడు పొద్దున మోగడం మొదలైంది. ఎక్కడ ఆపాలో తెలియక స్టేషన్ రైటరు లాకప్ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా తల్లీ, ఆ బొత్తామేదో నొక్కండి, చెవులు పోతున్నాయి."

"మాత్ర మింగకుండా మింగానని నొక్కను."

"ఎవరు చూడొచ్చారండీ?"

"నా కూతురు చూస్తుంది."

కాసేపు తల పట్టుకుని, ఆ పెద్దమనిషే బండేసుకుని ఆరోగ్య కేంద్రానికి పోయి మాత్రలు తెచ్చాడు. ఊచల మధ్యనుంచి మంచినీళ్ల గ్లాసు ఇచ్చాడు. మింగాను, నొక్కాను, నువ్వు చూశావు. బెయిలు మీద బయటికొచ్చాక కూడా ఫోన్ ఇవ్వలేదు, అందుకని రోజూ వెళ్తున్నాను. మిల్లులో ఉద్యోగం ఎలాగూ ఊడింది, పొద్దున నాకు వేరే పనేముంది? నేను మెట్లెక్కుతుంటే రైటరు గడియారం చూసి గ్లాసు కడుగుతాడు.

కేసు నడుస్తుంది. కొట్టానని చెప్తాను, ఎందుకు కొట్టానో కూడా చెప్తాను, శిక్ష పడితే పడనీ. తమ్ముణ్ణి కొట్టినవాళ్ల మీద కేసు కట్టడానికి మాత్రం పోలీసులకి సాక్షులు దొరకడం లేదట. మిల్లు ఆవరణ నిండా జనం, సాక్షి ఒక్కడూ లేడు! దానికోసం ఇంకో కరపత్రం రాస్తున్నాను, అది వేరే సంగతి.

నిన్ను అడిగేది ఒకటే, మూసెయ్యకు. నీ పటం మీది బూడిద అంతా మనుషులు. ఒక్కొక్కళ్లూ ఫోన్ ఏదో బియ్యం డబ్బాలో దాచి నెత్తురు కక్కుతున్నారు. ఈల తీసెయ్యి, ఈ రోజే తీసెయ్యి. ఎవరికి ఏ చప్పుడు కావాలో, ఏ వేళ కావాలో, అసలు చప్పుడే వద్దో, ఆ మనిషినే అడిగి పెట్టు. దానికి హాస్టల్ గది చాలదు. మీ జట్టంతా ఇక్కడికి రండి. తలుపులు తట్టండి. కొన్ని తలుపులు ముఖం మీద వేస్తారు, ఒకరిద్దరు చెంప పగలగొడతారేమో కూడా. పడండి. మీ మామయ్య అంతకంటే ఎక్కువే పడ్డాడు, అదీ మీ జట్టులో లేకుండానే.

అందరికీ మార్చు గానీ, నా ఒక్కదానికి నీ ఈలే ఉంచు. నిన్న రైటరు కాగితాలు సర్దుకుంటూ తనకి తెలియకుండానే అది వేస్తున్నాడు. చివరి విరుపు రావడం లేదు పాపం.

పొద్దున పటం తెరిచి చూడు. స్టేషన్ మీద చుక్క పచ్చబడిందా, అమ్మ మింగింది. నువ్వు చదువుకో.

ఇట్లు,
ఇంకా లొంగని,
అమ్మ

తా.క. మామయ్య పక్కనుంచి గొణుగుతున్నాడు, రాయమని. "కొత్త చప్పుడేదైనా పెడితే మెల్లగా పెట్టమను అక్కా, కుట్లు పడని చెవి నాకు ఒకటే ఉంది."